ట్యాంకర్ బోల్తా పడి చెరువులో చమురు కలిస్తే: మొదటి గంట నుంచి ఏడాది దాకా నీటిని గమనించే పద్ధతి

నల్లగొండకు సముద్రం లేదు. అయితే చమురు, రసాయనాలు ఓడల్లోనే ప్రయాణించాలన్న నియమమూ లేదు. హైదరాబాద్–విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారి చౌటుప్పల్, చిట్యాల, నకిరేకల్, సూర్యాపేట మీదుగా సాగుతుంది. బెంగళూరు వైపు వెళ్లే 44వ నంబరు రహదారి జడ్చర్ల దాటి, బీచుపల్లి దగ్గర కృష్ణను దాటుతుంది. పెట్రోలు, డీజిలు, మందుల కంపెనీలకు వెళ్లే ద్రావకాలు, ఆమ్లాలు రాత్రింబగళ్లు ఈ దారుల మీద తిరుగుతూనే ఉంటాయి. ఒక ట్యాంకర్ కల్వర్టు దగ్గర బోల్తా పడితే అందులోని సరుకు వాగులోకి, వాగు నుంచి చెరువులోకి చేరడానికి గంటలు చాలు.

సముద్రంలో చమురు ఒలికినప్పుడు నీటిని, తీరాన్ని, చేపలను ఎలా గమనించాలో ప్రపంచానికి 1967 నాటి టోరీ కాన్యన్ ఓడ ప్రమాదం నుంచి అనుభవం ఉంది. ఆ పద్ధతుల్లో చాలావాటిని చెరువుకు, కాలువకు వాడుకోవచ్చు. కొన్నింటిని మార్చుకోవాలి, ఒకటి రెండింటిని వదిలేయాలి. మత్స్య సహకార సంఘాలు, పంచాయతీ కార్యదర్శులు, రసాయనశాస్త్రం చదివే డిగ్రీ విద్యార్థులు, ఆయకట్టు రైతులు కలిసి చేయగల పని ఇది. ఖరీదైన పరికరాలు కొన్నిచోట్ల తప్పవు కానీ ఓపిక అన్నిచోట్లా కావాలి.

మొదటి అడుగు: దూరంగా నిలబడి ట్యాంకర్ మీద అంకె చదవండి

ప్రమాదకర సరుకు మోసే ట్యాంకర్‌కు వెనకా పక్కనా ఒక సమాచార పలక ఉంటుంది. దాని మీద ఉండే నాలుగంకెల ఐక్యరాజ్యసమితి సంఖ్యను ఫోను కెమెరాతో దూరం నుంచే పెద్దది చేసి చదవండి. 1203 అంటే పెట్రోలు, 1202 డీజిలు, 1230 మిథనాల్, 1294 టోలుయిన్, 1593 డైక్లోరోమీథేన్, 1789 హైడ్రోక్లోరిక్ ఆమ్లం, 1830 సల్ఫ్యూరిక్ ఆమ్లం, 1824 కాస్టిక్ సోడా ద్రావణం. 112కు ఫోను చేసినప్పుడు మొదట చెప్పాల్సింది ఈ అంకెనే. గాలి మీ వీపు వైపు నుంచి ట్యాంకర్ వైపు వీచేలా నిలబడండి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు కాబట్టి కల్వర్టు కింద, గుంతల్లో పేరుకుంటుంది. నమూనా కోసమని అక్కడికి దిగకండి. కారుతున్న పెట్రోలును బిందెలతో పట్టుకోవడానికి జనం ఎగబడడం ప్రతిసారీ చూసేదే. అగ్నిమాపక సిబ్బంది సరే అనేదాకా నమూనా పని మొదలుకాదు.

ఆ అంకె ప్రాణాలు కాపాడడానికే కాదు, రాబోయే ఏడాది పాటు మీరు ఏం వెతకాలో కూడా అదే చెబుతుంది. సముద్ర కాలుష్య నిపుణులు రసాయనాలను నీటిలో వాటి నడతను బట్టి నాలుగు రకాలుగా చూస్తారు: ఆవిరయ్యేవి, తేలేవి, కరిగేవి, మునిగేవి.

పెట్రోలు తేలుతుంది, త్వరగా ఆవిరవుతుంది. డీజిలు కూడా తేలుతుంది కానీ అంత తొందరగా పోదు, ఒడ్డున ఉన్న తుంగకూ బురదకూ అంటుకుంటుంది. మిథనాల్ నీటిలో పూర్తిగా కలిసిపోతుంది. కంటికి ఏమీ కనిపించదు కాబట్టి అందరూ ఊపిరి పీల్చుకుంటారు. సూక్ష్మజీవులు దాన్ని తినేటప్పుడు కిలోకు సుమారు కిలోన్నర ఆక్సిజన్ ఖర్చవుతుంది. మన ఎండలకు వేడెక్కిన చెరువు నీటిలో లీటరుకు ఏడెనిమిది మిల్లీగ్రాముల ఆక్సిజన్ మాత్రమే కరిగి ఉంటుంది. అంటే ఒక్క కిలో మిథనాల్ దాదాపు 2 లక్షల లీటర్ల నీటిలోని ఆక్సిజన్‌ను తినేయగలదు. గాలి నుంచి కొంత మళ్లీ చేరుతుంది, నిజమే. అయినా చేపలు చచ్చేది రెండో రోజో మూడో రోజో, ట్యాంకర్‌ను క్రేన్ ఎత్తుకుపోయాక. డైక్లోరోమీథేన్ నీటికంటే 1.3 రెట్లు బరువు. కరిగినంత కరిగి, మిగతాది అడుగున గుంతల్లో చేరుతుంది. పైపైన సీసా ముంచితే అది దొరకదు.

నీటితో కలిసి మరో పదార్థంగా మారేవీ ఉన్నాయి. 2025 మేలో కేరళ తీరం దగ్గర మునిగిన ఎంఎస్‌సీ ఎల్సా 3 ఓడలో కాల్షియం కార్బైడ్ ఉన్న కంటైనర్లు ఉన్నాయి. కార్బైడ్ తడిస్తే మండే ఎసిటిలిన్ వాయువు వస్తుంది, నీరు క్షారగుణం పొందుతుంది. అలాంటి సరుకు పడ్డ చోట కార్బైడ్ కోసం వెతికి లాభం లేదు, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) పెరిగిందా అని చూడాలి.

రెండో అడుగు: నీరు పోయే దారి గీయండి

కాగితం మీద ప్రమాదస్థలం నుంచి మొదలుపెట్టి రోడ్డు పక్క కాలువ, వాగు, చెరువు, తూము, మత్తడి, ఆ కింది చెరువు దాకా గీయండి. మనవి గొలుసుకట్టు చెరువులు. వానాకాలంలో ఒక చెరువు మత్తడి దుంకితే సమస్య కింది ఊరికి చేరుతుంది. ఆ ఊరివాళ్లకు మొదటి గంటలోనే ఫోను చేయండి. తూము మూయించాలంటే నీటిపారుదల శాఖకు చెప్పాలి.

వాగులో వేగం తెలియాలంటే బత్తాయి కాయ వేయండి. ఈ జిల్లాలో వాటికి కొరత లేదు. కాయ చాలావరకు మునిగి తేలుతుంది కాబట్టి గాలి దాన్ని పెద్దగా నెట్టదు. 20 మీటర్లు పోవడానికి 40 సెకన్లు పట్టిందంటే గంటకు 1.8 కిలోమీటర్లు. చెరువులో లెక్క వేరు, అక్కడ ప్రవాహం లేదు, గాలిదే పెత్తనం. సముద్రంలో చమురు తెట్టు ప్రవాహంతో పాటు, గాలి వేగంలో సుమారు 3 శాతం వేగంతో గాలి వాటుకు కదులుతుందని అనుభవసూత్రం. గంటకు 20 కిలోమీటర్ల గాలి వీస్తుంటే తెట్టు గంటకు 600 మీటర్లు జరుగుతుంది. పడమటి గాలి కాలంలో తెట్టంతా తూర్పు ఒడ్డుకు చేరి ఉంటుంది. పడమటి ఒడ్డున నిలబడి చెరువు బాగుందని రాసుకుంటే ఆ నివేదికకు విలువ లేదు.

హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ మన సముద్రాల్లో ఒలికిన చమురు ఎటు పోతుందో ఇలాంటి సూత్రాలనే పెద్ద నమూనాలలో పెట్టి ముందుగా చెబుతుంది. తీర రక్షక దళం ఆ సమాచారాన్ని వాడుకుంటుంది. సముద్రం మీద తెట్టును రాడార్ ఉపగ్రహాలు కూడా పసిగడతాయి. చమురు చిన్న అలలను అణచడం వల్ల ఆ ప్రాంతం చిత్రంలో నల్లగా కనిపిస్తుంది. చెరువుకు ఈ పద్ధతి పనికిరాదు. గాలి లేని చోట నీరు తెట్టు లేకున్నా నల్లగానే కనిపిస్తుంది. ఉపగ్రహాన్ని మరిచిపోయి కట్ట మీద నడవండి.

మూడో అడుగు: పోలిక స్థలం లేకుండా ఏ అంకెకూ అర్థం లేదు

ఈ మార్గదర్శిలో ఒక్క భాగమే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి. జనం సాధారణంగా నీరు నల్లగా ఉన్నచోట ఒక సీసా నింపి ప్రయోగశాలకు పంపుతారు. ఫలితం చెడుగా వస్తుంది. అవతలి పక్షం ‘ఈ చెరువు ముందునుంచే ఇంతే’ అంటుంది. జవాబు ఉండదు.

1989 మార్చి 24న అలాస్కాలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ నుంచి సుమారు 37,000 టన్నుల ముడిచమురు ఒలికింది. నాలుగేళ్లకు అక్కడి హెర్రింగ్ చేపలు కుప్పకూలాయి. దానికి చమురు ఎంత కారణం, రోగాలు ఎంత కారణం అన్న వాదన ఏళ్ల తరబడి సాగింది. ఒలకక ముందు పరిస్థితి ఎలా ఉందో చెప్పే లెక్కలు తక్కువైతే పెద్ద పెద్ద శాస్త్రవేత్తలకే చిక్కు తప్పలేదు.

నల్లగొండవాళ్లకు ఇది ఇంకో రకంగా బాగా తెలుసు. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల బోరునీటిలో ఫ్లోరైడ్ ఎప్పటినుంచో ఉంది. దాన్ని సున్నం, పటికతో తగ్గించే ‘నల్లగొండ పద్ధతి’ని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించింది. ఆ బోరులో ఫ్లోరైడ్ ఎక్కువగా కనిపిస్తే దాన్ని ట్యాంకర్ తెచ్చిందనలేం. ఆ ఒక్క తప్పు ఆరోపణతో మీ మిగతా ఫిర్యాదంతా తేలిపోతుంది.

అందుకే స్థలాలు ఇలా ఎంచుకోండి: ఒలికిన చోటుకు ఎగువన వాగులో ఒకటి, చెరువులోకి నీరు చేరే చోట ఒకటి, నడిమధ్య పడవ మీద నుంచి ఒకటి, తూము దగ్గర ఒకటి, మత్తడి కింద ఒకటి. వీటితో పాటు చెరువుకు దగ్గరి రెండు బోర్లు. చివరిగా, ఆ వాగుతో సంబంధం లేని, అదే తీరు నేల, అదే తీరు పొలాలు ఉన్న పక్క చెరువు. అదే పోలిక స్థలం. ప్రతి చోటా రాయికి రంగు వేసి, ఫోనులో అక్షాంశ రేఖాంశాలు గుర్తుపెట్టుకోండి. ఏడాది పాటు అవే చోట్లు. మధ్యలో మార్చితే మొదటికి వస్తుంది.

పాత లెక్కలు కూడా వెతకండి. గ్రామీణ నీటి సరఫరా విభాగం బోరునీటి పరీక్షలు, మత్స్యశాఖ చేపపిల్లలు వదిలిన వివరాలు, దగ్గరి కళాశాల విద్యార్థుల ప్రాజెక్టు నివేదికలు, ఏవైనా సరే.

నాలుగో అడుగు: తెట్టును చదవడం

సముద్రం మీద విమానంలోంచి చూసేవాళ్లు తెట్టు రంగును బట్టి మందం, మందాన్ని బట్టి పరిమాణం లెక్కిస్తారు. ఉత్తర సముద్ర దేశాల కాలుష్య నివారణ ఒప్పందమైన బాన్ ఒప్పందంలోని పట్టిక ప్రకారం వెండి రంగు మెరుపు 0.04 నుంచి 0.3 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), ఇంద్రధనుస్సు రంగులు 0.3 నుంచి 5, లోహపు మెరుపు 5 నుంచి 50, అక్కడక్కడ చమురు అసలు రంగు కనిపిస్తే 50 నుంచి 200, అంతటా అసలు రంగే ఉంటే 200కు పైన. ఒక చదరపు కిలోమీటరు మీద ఒక మైక్రాన్ మందం అంటే 1,000 లీటర్లు.

చెరువు లెక్కకు దించితే ఒక హెక్టారు మీద పరుచుకున్న రంగుల తెట్టులో ఉండే చమురు 3 నుంచి 50 లీటర్లే. అదే హెక్టారు మీద నల్లటి తెట్టు ఉంటే 2,000 లీటర్లకు పైమాటే. టీవీల్లో చెరువంతా రంగులు చూపించి ‘వేల లీటర్లు’ అనడమూ తప్పే, ఒడ్డు మూలన రెండు గుంటల జాగాలో నల్లగా పేరుకున్నదాన్ని ‘కొంచెమే’ అనడమూ తప్పే. చెన్నై పక్కన ఎన్నూరు దగ్గర 2017 జనవరి 28న రెండు ఓడలు ఢీకొన్నప్పుడు మొదట ఒలికింది స్వల్పమే అన్నారు. తర్వాత జనం రోజుల తరబడి ఒడ్డు నుంచి బకెట్లతో జిడ్డు ఎత్తాల్సి వచ్చింది. ఎవరో చెప్పిన అంచనాను రాసుకోకండి, రంగు, వైశాల్యం మీరే రాసుకుని ఫొటో తీయండి.

ఒక మోసం ఉంది. కట్ట కింద నీరు ఊరే చోట, తుంగ కుళ్లిన చోట ఇనుమును తినే బాక్టీరియా వల్ల అచ్చం నూనెలాంటి మెరుపు వస్తుంది. పుల్లతో కదిపి చూడండి. బాక్టీరియా పొర పెంకుల్లా పగిలి విడివిడిగా ఉండిపోతుంది. చమురు తెట్టు చెదిరి మళ్లీ కలిసిపోతుంది.

అయిదో అడుగు: ఒడ్డునే కొలవాల్సినవి

పీహెచ్, ఉష్ణోగ్రత, విద్యుత్ వాహకత (నీటిలో కరిగిన లవణాలను చూపే కొలత), కరిగిన ఆక్సిజన్ ఈ నాలుగూ ప్రయోగశాలకు చేరేలోపు మారిపోవచ్చు కాబట్టి అక్కడే కొలవాలి. పీహెచ్ మీటరును ఆ రోజు ఉదయం 4, 7, 10 బఫర్లతో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలతో) సరిచూడాలి. ఆక్సిజన్ మీటరు లేకపోతే వింక్లర్ పద్ధతిలో 300 మిల్లీలీటర్ల సీసాలో గాలి బుడగ లేకుండా నీరు నింపి, మాంగనీస్ సల్ఫేట్, క్షార అయొడైడ్ ద్రావణాలు అక్కడికక్కడే కలిపితే ఆక్సిజన్ నిలిచిపోతుంది. మిగతా పని కళాశాల ప్రయోగశాలలో చేయవచ్చు.

వేళను పట్టించుకోకపోతే ఈ అంకెలు మిమ్మల్ని మోసం చేస్తాయి. నాచు ఎక్కువున్న చెరువులో మధ్యాహ్నం పీహెచ్ దానంతటదే 9 దాటవచ్చు, ఆక్సిజన్ పొంగుతుంది. తెల్లవారుజామున రెండూ పడిపోతాయి. ఉదయం ఆరింటికి ఒకరోజు, మధ్యాహ్నం మూడింటికి మరోరోజు కొలిచి ‘మెరుగుపడింది’ అనడం కంటే కొలవకపోవడమే నయం. కొలిచే ప్రతి రోజూ సూర్యోదయానికి ముందు ఒకసారి, మూడింటికి ఒకసారి కొలవండి. పోలిక చెరువులో కూడా అదే వేళకు.

ఆమ్లం పడ్డ చోట ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. బైకార్బనేట్ ఎక్కువున్న నీరు కొంత ఆమ్లాన్ని తనలోనే చల్లార్చుకుంటుంది. పైగా ఎవరో సున్నం చల్లుతారు. పీహెచ్ 7.5కి వస్తుంది, కథ ముగిసిందనుకుంటారు. వాహకత, సల్ఫ్యూరిక్ ఆమ్లమైతే సల్ఫేట్ కూడా, మాత్రం ఎక్కువగానే ఉండిపోయి అటుగా ఆమ్లం వచ్చిందని చెబుతుంటాయి. పీహెచ్ ఒక్కటే చూసి వెళ్లిపోయే తనిఖీని నమ్మకండి.

ఆరో అడుగు: సీసాలు

నీటి నమూనా అనగానే మినరల్ వాటర్ సీసా తెస్తారు. చమురు ప్లాస్టిక్‌కు అంటుకుంటుంది, ప్లాస్టిక్ నుంచి కూడా రసాయనాలు ఊరతాయి. చమురుకు వెడల్పు మూతి ఉన్న లీటరు గాజు సీసా కావాలి. దాన్ని నమూనా నీటితో ముందుగా కడగకూడదు, ఎందుకంటే కడిగిన చమురు గోడకు అంటి ఉండిపోయి లెక్క ఎక్కువ చూపిస్తుంది. ఒక చోటి నీటిని రెండు సీసాల్లో పంచకూడదు, మూడు చోట్ల నీటిని ఒక సీసాలో కలపకూడదు. ఆమ్లం చుక్కలతో పీహెచ్ 2కు దించి, ఐసు పెట్టెలో 4 డిగ్రీల దగ్గర ఉంచితే 28 రోజుల్లోపు పరీక్షించవచ్చు. టోలుయిన్ లాంటి ఆవిరయ్యే ద్రావకాలకు 40 మిల్లీలీటర్ల చిన్న గాజు సీసాలు అంచుదాకా నింపాలి. తలకిందులు చేస్తే బుడగ కనిపించకూడదు. లోహాల పరీక్షకు మాత్రం ప్లాస్టిక్ సీసా, నైట్రిక్ ఆమ్లం. ఈ ఆమ్లాలు చేర్చే పని చేతి తొడుగులు, కళ్లద్దాలు పెట్టుకుని, తెలిసిన ఉపాధ్యాయుల చేత చేయించండి.

ప్రయోగశాల నుంచి తెచ్చిన శుద్ధజలంతో ఒక సీసాను కట్ట మీదే నింపి మిగతావాటితో పాటు పంపండి. అందులోనూ చమురు కనిపిస్తే లోపం చెరువులో లేదు, మీ చేతుల్లోనో పెట్టెలోనో ఉంది.

ప్రతి సీసాకు చీటీ కట్టండి: చోటు, తేదీ, గంట, తీసినవారి సంతకం, ఎవరి నుంచి ఎవరి చేతికి ఎప్పుడు మారింది. ప్రయోగశాలకు ఎన్‌ఏబీఎల్ (ప్రయోగశాలలను తనిఖీ చేసి గుర్తించే జాతీయ మండలి) గుర్తింపు ఉందో లేదో, మీరు అడిగే పరీక్షకే ఆ గుర్తింపు ఉందో లేదో చూడండి. అధికారిక నమూనా తీయాల్సింది కాలుష్య నియంత్రణ మండలి. వాళ్లు వచ్చినప్పుడు మీరూ పక్కనే ఉండి, అదే చోట, అదే నిమిషంలో మీ సీసా కూడా నింపుకోండి.

అన్నింటికంటే ముందు చేయాల్సింది, అందరూ మరిచేది ఒకటుంది. ట్యాంకర్‌లోని సరుకు నమూనాను ఒక చిన్న గాజు సీసాలో అధికారుల చేత తీయించాలి. చమురుకు వేలిముద్రలాంటి అణువుల అమరిక ఉంటుంది. ఎండకు, గాలికి తేలిక భాగాలు పోయినా బరువైన అణువుల నిష్పత్తులు చాలాకాలం చెక్కుచెదరవు. ఆరు నెలల తర్వాత బురదలో దొరికిన జిడ్డు ఆ ట్యాంకర్‌దా, పక్కనున్న మెకానిక్ షెడ్డుదా అని తేల్చాలంటే పోల్చడానికి మూలం ఉండాలి.

ఏడో అడుగు: బురద, నత్తలు, చేపలు

నీరు రెండు వారాల్లో తేటపడవచ్చు. బురద అంత తొందరగా మరిచిపోదు. అలాస్కాలో తీరపు రాళ్ల కింద చమురు దశాబ్దాల తర్వాత కూడా దొరికింది. రెండున్నర అంగుళాల పీవీసీ గొట్టాన్ని బురదలోకి దించి, పైమూత బిగించి తీస్తే బురద కడ్డీలా వస్తుంది. గొట్టం గోడకు తగలని నడిమి బురదను, పై 5 సెంటీమీటర్ల వరకు, స్టీలు చెంచాతో గాజు సీసాలోకి తీయండి. పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్ల (చమురులోని, త్వరగా పోని విషపదార్థాల) పరీక్ష అడగండి.

చచ్చిన చేపలను చూసి వెంటనే తీర్పు చెప్పకూడదు. తెల్లవారుజామున నోళ్లు పైకి తెరిచి, పెద్ద బొచ్చెలు, రవ్వలు ముందు చస్తే అది సాధారణంగా ఆక్సిజన్ కొరత. పొద్దుతో పనిలేకుండా చిన్నా పెద్దా ఒకేసారి, లేదా చిన్నవి ముందు చస్తే విషాన్ని అనుమానించాలి. కొర్రమీను పైకొచ్చి గాలి పీల్చగలదు కాబట్టి ఆక్సిజన్ తగ్గినా తట్టుకుంటుంది. అదీ చచ్చిందంటే కారణం ఆక్సిజన్ ఒక్కటే కాకపోవచ్చు. ఏ రకం, ఎన్ని, ఏ పరిమాణం, ఏ ఒడ్డున అని రాయండి. పరీక్షకు పంపే చేపను అల్యూమినియం రేకులో చుట్టి ఐసులో పెట్టండి.

చమురు పదార్థాలను చేపలు కాలేయంలో చాలావరకు మార్చి బయటకు పంపేస్తాయి. ఆలిచిప్పలు, నత్తలు ఆ పని సరిగా చేయలేవు, దాచుకుంటాయి. సముద్రతీర దేశాలు ఆలిచిప్పలను కాలుష్య సాక్షులుగా వాడేది అందుకే. నెలకోసారి ప్రతి చోటా గుప్పెడు సేకరిస్తే చాలు.

చేపలు మళ్లీ ఎప్పుడు పట్టాలి? 2010లో మెక్సికో సింధుశాఖ చమురు ప్రమాదం తర్వాత మూసిన వేట ప్రాంతాలను తెరిచే ముందు, శిక్షణ పొందినవారు వాసన, రుచి చూసేవారు. ఆ తర్వాత రసాయన పరీక్ష చేసేవారు. రెండూ నెగ్గితేనే అనుమతి. మన దగ్గర ఒత్తిడి వేరు. సంఘం అప్పు తెచ్చి పిల్లలు వదిలి ఉంటుంది, పండుగ ముందర ధర బాగుంటుంది. అయినా పరీక్ష లేకుండా అంగడికి పంపిన ఒక బుట్టలో కిరోసిన్ వాసన వస్తే ఆ చెరువు పేరు చెబితే కొనేవాడు ఉండడు. మూసిన రోజుల నష్టాన్ని లెక్కగట్టి పరిహారంలో అడగడం మేలు.

ఎనిమిదో అడుగు: ఎప్పుడెప్పుడు, ఎంతకాలం

మొదటి రోజు మూడు నాలుగు గంటలకోసారి. వారం రోజులు రోజూ. నెల దాకా వారానికోసారి. ఆపైన నెలకోసారి. వీటికి తోడు మొదటి పెద్ద వాన పడ్డ మర్నాడు తప్పకుండా కొలవాలి, ఎందుకంటే రోడ్డు పక్క మట్టిలో ఇంకినది అప్పుడే కడుక్కుని వస్తుంది. నడి వేసవిలో చెరువు ఇంకి, మిగిలిన నీరు చిక్కబడినప్పుడు మరోసారి. బోర్లను మాత్రం ఏడాదంతా వదలకండి, నేలలో ద్రావకం నడక చాలా నిదానం.

ఫలితాలు వచ్చాక పోల్చాల్సిన అంకెలు కొన్నే. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500:2012 ప్రకారం ఖనిజ తైలం లీటరుకు 0.5 మిల్లీగ్రాము మించకూడదు, పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య ఉండాలి. చేపల పెంపకానికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వర్గీకరణలో కరిగిన ఆక్సిజన్ లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాములు, స్వేచ్ఛా అమ్మోనియా 1.2కు మించకుండా ఉండాలి. వీటిలో నెగ్గినంత మాత్రాన నష్టం లేదని కాదు. మీ అసలు కొలబద్ద పోలిక చెరువే.

ఈ కాగితాలన్నీ ఒక సంచికలో తేదీల వారీగా పెట్టి ఒక ప్రతి పంచాయతీలో, ఒక ప్రతి సంఘంలో ఉంచండి. 1991 నాటి ప్రజా బాధ్యత బీమా చట్టం కింద ప్రాణ, ఆస్తి నష్టానికి కలెక్టరుకు దరఖాస్తు పెట్టడానికి ప్రమాదం జరిగిన నాటి నుంచి అయిదేళ్ల గడువుంది. చెన్నైలోని జాతీయ హరిత న్యాయస్థానం దక్షిణ ధర్మాసనంలో పరిహారం కోరడానికీ అయిదేళ్లే. ఒక సంతకం, ఒక గంట రాయని సీసా ఫలితం అక్కడ చిత్తుకాగితంతో సమానం.

ఇక ఆపేదెప్పుడు? వరుసగా మూడు నెలలు నీటి అంకెలు పోలిక చెరువుతో సమానంగా ఉండాలి, బురదలో, ఆలిచిప్పల్లో చమురు మొదటి ఫలితం నుంచి తగ్గుతూ పోలిక స్థాయికి రావాలి, మధ్యలో ఒక వానాకాలం, ఒక ఎండాకాలం గడిచి ఉండాలి. ఈ మూడూ నెరవేరితే తూము దగ్గర, మత్తడి కింద రెండు చోట్ల మాత్రం ఏడాదికోసారి కొలుస్తూ మిగతావి ఆపేయవచ్చు. రంగు వేసిన రాళ్లను మాత్రం తీయకండి. రేపు ఇంకో ట్యాంకర్ పడితే ఈ ఏడాది అంకెలే దానికి ముందు లెక్క అవుతాయి.